దాచిన నంబర్లు పట్టుకునే బిళ్లల ఆట: తయారీ నుంచి ఆఖరి బిళ్ల దాకా సమగ్ర మార్గదర్శి

మొత్తం 24 బిళ్లలు. సగం నల్లవి, సగం తెల్లవి. రెండు రంగుల్లోనూ 0 నుంచి 11 దాకా నంబర్లు ఉంటాయి. ఎవరి బిళ్లలు వాళ్లు తమకు మాత్రమే కనపడేలా వరసగా నిలబెట్టుకుంటారు. ఎదుటివాళ్ల బిళ్లల మీద ఏ నంబరుందో ఒక్కొక్కటే పట్టుకుని బయటపెట్టించాలి. చివరికి ఎవరి దగ్గర ఒక్క బిళ్లయినా దాగి ఉంటే వాళ్లే గెలిచినట్టు.

జపాన్‌లో ఈ ఆట ‘అల్గో’ పేరుతో కార్డుల రూపంలో ఉంది. గణితవేత్త పీటర్ ఫ్రాంకల్ దాని రూపకల్పనలో పాలుపంచుకున్నారు. నిలబెట్టే బిళ్లలతో ‘కోడా’ అనే పేరు మీద పెట్టెల్లోనూ దొరుకుతుంది. అట్టముక్కలతో ఇంట్లో చేసుకున్నా ఆటలో రుచి ఏమాత్రం తగ్గదు.

కొత్తగా ఆడేవాళ్లు దీన్ని ఊహల ఆట అనుకుని నోటికొచ్చిన నంబరు చెప్పేస్తుంటారు. అందుకే మొదటి ఆట తర్వాత ‘ఇదంతా అదృష్టమే’ అనేస్తారు. నిజానికి ఇందులో నోటి కంటే చెవికి, చెవి కంటే కంటికి పని ఎక్కువ. ఏ రంగు బిళ్ల ఏ రెండింటి మధ్య నిలబడింది, ఎవరు ఏ నంబరు అడిగారు, ఏది కాదని తేలింది అన్నవి పట్టించుకుంటే చాలా బిళ్లలు వాటంతట అవే నంబరు చెప్పేస్తాయి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు పెద్దవాళ్లతో సమానంగా కూర్చుని ఆడగలిగే లెక్కల ఆటలు తక్కువ. ఆ కొద్దిలో ఇదొకటని నా గట్టి నమ్మకం.

బిళ్లలు తయారు చేసుకోవడం

మందపాటి అట్ట తీసుకోండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి గీత కనపడకూడదు. 4 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవున్న ముక్కలు 24 కత్తిరించండి. ఒక్కొక్కదాన్నీ సగానికి మడిస్తే చిన్న గుడారంలా నిలబడుతుంది. 12 ముక్కలకు రెండు వైపులా నల్ల రంగు వేయండి, మిగతా 12 తెల్లగా ఉంచండి. నంబరు ఒక వైపే రాయాలి. నల్లవాటి మీద తెల్ల పెన్సిల్‌తో గానీ, తెల్ల కాగితం ముక్క అంటించి దాని మీద గానీ రాయొచ్చు. 6 కింద, 9 కింద ఒక గీత గీయడం మరిచిపోకండి.

రంగు అందరికీ కనపడాలి, నంబరు సొంతదారుకే కనపడాలి. ఆట మొత్తం ఈ ఒక్క ఏర్పాటు మీదే నడుస్తుంది. ఏ బిళ్ల వెనకైనా మరకో, మడతో గుర్తుపట్టేలా ఉంటే దాన్ని పక్కనపెట్టి ఇంకొకటి చేయండి. పిల్లల కళ్లు అలాంటివి ఇట్టే పట్టేస్తాయి.

కత్తిరించే ఓపిక లేకపోతే వెనకవైపు రంగులు వేరుగా ఉన్న రెండు పేకకట్టలు చాలు. ఒక్కో కట్టలోంచి ఒకే గుర్తుకు చెందిన ఆసు నుంచి రాణి దాకా 12 ముక్కలు తీయండి. ఆసు 1, జాకీ 11, రాణి 12. నంబర్లు 0 నుంచి కాకుండా 1 నుంచి మొదలవుతాయి, మిగతా ఆటంతా ఒకటే. పేకముక్కలు నిలబడవు కాబట్టి ముందు బోర్లా పరుచుకుని, అవసరమైనప్పుడు అంచు ఎత్తి చూసుకోవచ్చు.

పంచడం, పేర్చడం

బిళ్లలన్నీ నంబరు కనపడకుండా మధ్యలో పడుకోబెట్టి బాగా కలపండి. ఇద్దరు గానీ ముగ్గురు గానీ ఆడితే తలా 4, నలుగురైతే తలా 3 తీసుకోవాలి. మిగిలినవి మధ్యలో గుట్టగా ఉంటాయి. ఇద్దరి ఆటలో గుట్టలో 16, ముగ్గురు గానీ నలుగురు గానీ ఆడితే 12 మిగులుతాయి. గుట్టలోని బిళ్లల రంగు కనపడుతూనే ఉంటుంది కాబట్టి నల్లది కావాలో తెల్లది కావాలో చూసి తీసుకోవచ్చు.

తీసుకున్న బిళ్లలను మీ ఎడమ చేతి వైపు చిన్న నంబరు, కుడి చేతి వైపు పెద్ద నంబరు వచ్చేలా నిలబెట్టండి. ఒకే నంబరు రెండు రంగుల్లోనూ వస్తే నల్లది ముందు, తెల్లది దాని కుడి పక్కన. ‘నలుపు ముందు, తెలుపు వెనక’ అని పిల్లల చేత రెండుసార్లు పైకి అనిపించండి. ఈ చిన్న నియమమే తర్వాత పెద్ద ఆయుధమవుతుంది.

మీకు ఎదురుగా కూర్చున్నవాళ్ల వరస మీకు తిరగబడి కనిపిస్తుంది. వాళ్ల ఎడమ మీ కుడి. అంటే వాళ్ల అతి చిన్న నంబరు మీ కుడిచేతి వైపు ఉంటుంది. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ప్రతి వరసకూ చిన్న నంబరు వైపు ఒక గుండీయో, క్లిప్పో పెట్టుకుంటే ఆ గందరగోళం ఉండదు. ఈ మార్గదర్శిలో ‘ఎడమ’ అన్నచోటల్లా బిళ్లల సొంతదారు ఎడమ అనే అర్థం.

ఆట మొదలుపెట్టే ముందు ఎవరి వరస వాళ్లు ఎడమ నుంచి కుడికి ఒకసారి మనసులో చదువుకోవాలి. ఒక్క బిళ్ల తప్పు చోట ఉన్నా అందరి లెక్కలూ చెడిపోతాయి. మధ్యలో అలాంటిది బయటపడితే ఎవరినీ ఏమీ అనకుండా బిళ్లలు కలిపి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది.

ఒక వంతులో ఏం చేయాలి

మొదట గుట్టలోంచి ఒక బిళ్ల తీసి మీరు మాత్రమే చూసుకోండి. దాన్ని ఇంకా వరసలో పెట్టకండి, పక్కన విడిగా ఉంచండి.

తర్వాత ఎవరిదైనా ఒక దాగిన బిళ్లను వేలితో చూపించి నంబరు చెప్పండి. రంగు ఎలాగూ కనపడుతోంది కాబట్టి ‘ఇది నల్ల 5’ అంటే సరిపోతుంది.

సరిగ్గా చెప్తే ఆ బిళ్లను సొంతదారు నంబరు అందరికీ కనపడేలా వెల్లకిలా పడుకోబెడతారు. అప్పుడు మీకు రెండు దారులు. ఇంకో బిళ్ల అడగొచ్చు, లేదా ఆగిపోవచ్చు. ఆగితే, తీసిన బిళ్లను నంబరు దాచిపెట్టి మీ వరసలో దాని చోట నిలబెట్టుకోవాలి.

తప్పు చెప్తే తీసిన బిళ్లను అందరికీ చూపించి, మీ వరసలో దాని చోట వెల్లకిలా పెట్టాలి. వంతు పక్కవాళ్లకు వెళ్తుంది. ముందు ఒకటి సరిగ్గా చెప్పి రెండోది తప్పినా ఇదే శిక్ష. అంతకుముందు బయటపెట్టించినది మాత్రం బయటే ఉంటుంది.

గుట్ట అయిపోయాక తీయడానికి బిళ్ల ఉండదు. అప్పుడు తప్పు చెప్తే మీ దాగిన బిళ్లల్లో మీకిష్టమైన ఒకదాన్ని బయటపెట్టాలి.

సందు చదవడం

ఇక్కడి నుంచే అసలు ఆట. దాగిన ప్రతి బిళ్లకూ అటూ ఇటూ పక్కవాళ్లుంటారు. ఆ రెండు పక్కల మధ్య ఎంత సందు ఉందో చూడాలి.

ఒక వరస తీసుకుందాం. ఎడమ నుంచి చూస్తే తెల్ల 3 బయటపడి ఉంది. తర్వాత దాగిన నల్ల బిళ్ల, దాని పక్కన దాగిన తెల్ల బిళ్ల, ఆ తర్వాత బయటపడిన నల్ల 6.

దాగిన నల్లది తెల్ల 3కి కుడి పక్కన ఉంది. నల్ల 3 అయితే తెల్ల 3కి ముందే ఉండాలి కదా, కాబట్టి అది 4 గానీ అంతకంటే పెద్దది గానీ కావాలి. దాగిన తెల్లది నల్ల 6కి ఎడమ పక్కన ఉంది. తెల్ల 6 అయితే నల్ల 6 తర్వాత వచ్చేది, కాబట్టి ఇది 5 గానీ అంతకంటే చిన్నది గానీ కావాలి. అంటే ఈ రెండు బిళ్లలకూ మిగిలింది 4, 5 మాత్రమే. నల్ల 4, తెల్ల 4 కావచ్చు. నల్ల 4, తెల్ల 5 కావచ్చు. నల్ల 5, తెల్ల 5 కావచ్చు. నల్ల 5, తెల్ల 4 కుదరదు, వరస తప్పుతుంది.

ఇప్పుడు మీ చేతిలో ఏముందో చూడండి. తెల్ల 4 మీ దగ్గరే ఉంటే అవతలి తెల్లది 5 అని తేలిపోయింది, ఊహతో పనే లేదు. మీ దగ్గర నల్ల 5 ఉంటే అవతలి నల్లది 4. రెండూ మీ దగ్గరే ఉంటే రెండు బిళ్లలూ ఒకే వంతులో రాలిపోతాయి. ఈ ఉదాహరణను బిళ్లలు పేర్చి పిల్లలకు చూపించండి. ‘నల్ల 3 ఎందుకు కాదు?’ అని వాళ్లనే అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు సొంతంగా జవాబు చెప్పిన పిల్లకు ఆట వచ్చేసినట్టే.

ఎవరైనా కొత్త బిళ్లను దాచి వరసలో పెట్టినప్పుడు కూడా ఇదే చూపుతో చూడాలి. బయటపడిన నల్ల 5, నల్ల 6 మధ్య ఒక తెల్ల బిళ్ల వచ్చి నిలబడిందంటే అది తెల్ల 5 తప్ప ఇంకేదీ కాదు. కొందరు ఆ సమయంలో తాము లెక్కలు రాసుకునే నోటు కాగితం చూసుకుంటూ ఈ అవకాశం వదిలేస్తారు. బిళ్ల పెట్టే చేయి ఎక్కడ ఆగుతుందో చూడటం అలవాటు చేసుకోండి.

మొదటి వంతు: ఏ బిళ్ల అడగాలి

ఇంకా ఏ నంబరూ బయటపడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది మధ్య బిళ్ల మీద వేలు పెడతారు. అది నష్టం. అంచు బిళ్లతో మొదలుపెట్టాలి. ఎందుకో నంబర్లతోనే చూద్దాం.

ఇద్దరి ఆట. మీ వరసలో నల్ల 0, తెల్ల 3, నల్ల 6, తెల్ల 11 ఉన్నాయి. గుట్టలోంచి తీసింది నల్ల 1. ఎదుటి వరస ఎడమ నుంచి నలుపు, నలుపు, తెలుపు, తెలుపు.

మీకు కనపడే అయిదు బిళ్లలు తీసేసి, వరస నియమం తప్పకుండా ఎదుటి నాలుగు బిళ్లలూ ఎన్ని రకాలుగా ఉండొచ్చో లెక్కపెడితే 153 వస్తాయి. వాటిలో ఎడమ అంచు నల్లది 2 అయ్యేవి 67, అంటే దాదాపు 44 శాతం. కుడి అంచు తెల్లది 10 అయ్యేవి 61, సుమారు 40 శాతం. అదే లోపలి నల్లది, అంటే ఎడమ నుంచి రెండోది చూస్తే, అన్నిటికంటే ఎక్కువ అవకాశమున్న నంబరు 5. దానికి వచ్చేవి 45 మాత్రమే, 29 శాతం. లోపలి బిళ్లకు రెండు వైపులా జరగడానికి చోటుంది, అంచు బిళ్ల ఒక వైపు గోడకు ఆనుకుని ఉంటుంది. తేడా అంతా అక్కడే.

ఆట మధ్యలో 153 లెక్కపెట్టక్కర్లేదు. అంచు బిళ్ల రంగు చూడండి. ఆ రంగులో మీకు ఇంకా ఆచూకీ తెలియని నంబర్లలో ఎడమ అంచుకైతే అతి చిన్నది, కుడి అంచుకైతే అతి పెద్దది అడగండి. మీ చేతిలోనే చిన్న నంబర్లు ఎక్కువుంటే ఎడమ అంచు ఇంకా బిగుస్తుంది. పైన నల్ల 0, నల్ల 1 రెండూ మీ దగ్గరే ఉండటం వల్లే 2కి అంత బలం వచ్చింది.

నల్ల 2 కాదన్నారనుకోండి. వంతు పోయింది గానీ శ్రమ వృథా కాలేదు. 67 పోగా మిగిలినవి 86. వాటిలో 46 నల్ల 3వి. మీ వంతు మళ్లీ వచ్చేసరికి ఆ వరసలో కొత్త బిళ్ల దూరకపోతే, నల్ల 3కి సగం కంటే ఎక్కువ అవకాశం ఉంటుంది.

ఎక్కడ ఆగాలి

పై ఉదాహరణలో తప్పు చెప్తే ఏం జరుగుతుందో కూడా చూడాలి. తీసిన నల్ల 1ని బయటపెట్టాలి. అది మీ వరసలో మొదటి నల్ల బిళ్లకు కుడి పక్కన కూర్చుంటుంది. నల్ల 1కి ఎడమ పక్కన ఒక నల్ల బిళ్ల ఉందంటే అది నల్ల 0 తప్ప ఇంకేమవుతుంది? ఒక్క తప్పుతో రెండు బిళ్లలు పోయినట్టే.

కాబట్టి నల్ల 2 సరైనదని తేలిందనుకుంటే, వెంటనే రెండోది అడగాలా? ఇప్పుడు మిగిలిన అవకాశాలు 67. వాటిలో అన్నిటికంటే బలమైన ప్రశ్న కుడి అంచున తెల్ల 10, దానికి 23. అంటే మూడింట ఒక వంతు. తప్పే అవకాశం మూడింట రెండు వంతులు, తప్పితే పోయేది రెండు బిళ్లలు. ఇక్కడ ఆగిపోవాలి. నల్ల 1ని దాచి నిలబెట్టుకుంటే మీ వరస నలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపుగా మారుతుంది, ఎదుటివాళ్లకు కొత్తగా తెలిసే నంబరు ఒక్కటీ ఉండదు.

ఆగాలా, సాగాలా అనేది ఎదుటి బిళ్ల ఒక్కటే తేల్చదు, చేతిలోని బిళ్ల కూడా తేలుస్తుంది. తీసిన బిళ్ల మీ దాగిన బిళ్లకు ఆనుకుని ఉండే నంబరైతే అది ప్రమాదకరం, ఒకటి దొరకగానే ఆగండి. తీసిన బిళ్లకు రెండు పక్కలా ఇప్పటికే బయటపడిన బిళ్లలుంటే, తప్పినా పోయేది అదొక్కటే. అలాంటప్పుడు ధైర్యంగా ఇంకో రెండు ప్రశ్నలు వేయొచ్చు. సందు చదివి ఒకే నంబరు మిగిలిందని తేలితే మాత్రం ఏ బిళ్ల చేతిలో ఉన్నా అడిగేయాలి. దొరికిన బిళ్లను వదిలిపెట్టి ఆగడం జాగ్రత్త అనిపించుకోదు.

ఎదుటివాళ్ల ప్రశ్న వినడం

ఎవరైనా ‘నల్ల 7’ అని అడిగితే, నల్ల 7 వాళ్ల దగ్గర లేదన్నమాట. ఉంటే ఎందుకు అడుగుతారు? ప్రతి ప్రశ్నా అడిగినవాళ్ల చేతిని కొద్దిగా తెరిచి చూపిస్తుంది. ఇద్దరి ఆటలో దీనితో పని కొంచెమే. ముగ్గురు, నలుగురు కూర్చున్నప్పుడు మీ వంతు కాని సమయమంతా ఇలాంటి సమాచారం ఉచితంగా వస్తూనే ఉంటుంది.

ఇక్కడ పిల్లలకు విడమర్చి చెప్పాల్సినది ఒకటుంది. ‘కాదు’ అనే జవాబు ఆ ఒక్క బిళ్లకే వర్తిస్తుంది. అదే వరసలో ఇంకో నల్ల బిళ్ల 7 కావచ్చు. ఆ వరసలో 7కి వేరే ఎక్కడా చోటు లేదని సందులు చూసి తేల్చుకున్నాకే ‘ఈయన దగ్గర 7 లేదు’ అని కొట్టేయాలి.

మరి తన దగ్గరున్న నంబరునే అడిగి తప్పుదారి పట్టించొచ్చా? నియమం ఒప్పుకుంటుంది. కానీ ఆ ప్రశ్న తప్పడం ఖాయం, తీసిన బిళ్ల బయటపెట్టడమూ ఖాయం. చేతిలోని బిళ్ల బయటపడినా పెద్దగా నష్టం లేదనుకున్నప్పుడు, నలుగురి ఆటలో ఎప్పుడో ఒకసారి పనికొస్తుంది. ఆట ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు ఉన్నప్పుడు పెద్దవాళ్లు ఈ ఎత్తు వేయకపోవడమే నయమని నా అభిప్రాయం. వినడం అలవాటవుతున్న పిల్ల చెవులకు ముందే అబద్ధం తగిలితే వినడమే మానేస్తుంది.

నోటు కాగితం

తలా ఒక కాగితం ఇవ్వండి. రెండు అడ్డ వరసలు, ఒకటి నలుపుకు, ఒకటి తెలుపుకు. ఒక్కోదానిలో 0 నుంచి 11 దాకా గళ్లు. మీ దగ్గరున్నవి, బయటపడ్డవి కొట్టేయండి. ఎవరైనా ఒక నంబరు అడిగితే ఆ గడిలో వాళ్ల పేరు మొదటి అక్షరం చిన్నగా రాయండి. ఆ నంబరు బహుశా వాళ్ల దగ్గర లేదని దాని అర్థం. కాగితం కింది భాగంలో ఎదుటి వరసల బొమ్మ గీసుకుని, ఏ బిళ్ల ఏ నంబరు కాదని తేలిందో దాని కిందే రాసుకోవాలి. ఇంతకంటే ఎక్కువ రాస్తే బల్ల మీద జరిగేది కనపడదు.

బిళ్లలు చేతిలో లేనప్పుడు కాగితం, పెన్సిల్ మాత్రమే ఉంటే ఇలాంటి ఆలోచనకే పదును పెట్టే పాత ఆట ఎద్దులు–ఆవులు. ఒకరు నాలుగు వేర్వేరు అంకెలు మనసులో అనుకుంటారు, రెండోవారు నాలుగంకెలు చెప్తారు. అంకె, చోటు రెండూ కుదిరితే ఎద్దు. అంకె ఉండి చోటు తప్పితే ఆవు. మొదటి అంకెగా 0 కూడా ఒప్పుకుంటే మొత్తం 5,040 అవకాశాలు. అయినా జాగ్రత్తగా లెక్కగట్టి అడిగితే ఏడు ప్రశ్నల్లో ఎప్పుడూ పట్టేయొచ్చు. 1970లో మొర్డెకాయ్ మైరోవిట్జ్ రూపొందించిన మాస్టర్‌మైండ్ దీనికి రంగుల రూపం. అందులో ఆరు రంగులు, నాలుగు చోట్లు, 1,296 అవకాశాలు ఉంటాయి. వాటిని ఎప్పుడైనా అయిదు ప్రయత్నాల్లో ఛేదించవచ్చని డొనాల్డ్ క్నూత్ 1977లో చూపించారు.

ఏ రంగు బిళ్ల తీయాలి

గుట్టలో రంగు కనపడుతుంది కదా అని కంటికి నచ్చింది తీయకండి. ఎదుటి వరసలో మీరు పట్టుకోవాలనుకున్న బిళ్ల నల్లదైతే నల్లదే తీయండి. తీసిన బిళ్ల ఏదైనా, ఎదుటివాళ్ల దగ్గర లేని ఇంకో నల్ల నంబరు మీకు తెలుస్తుంది, సందు బిగుస్తుంది. మీ వరస మరీ ఒకే రంగుతో నిండిపోతుంటే మాత్రం రెండో రంగు వైపు మళ్లాలి. దాగిన నల్ల బిళ్లలు వరసగా అయిదో ఆరో ఉన్నాయంటే, 12 నంబర్లలో అన్ని ఒకదాని పక్కన ఒకటి ఇమడాలి కాబట్టి, ఒకటి బయటపడితే మిగతావి గొలుసుకట్టుగా పోతాయి.

ఇద్దరి ఆటలో ఆఖరి బిళ్ల

దీన్ని చాలామంది గమనించరు. ఇద్దరే ఆడేటప్పుడు గుట్టలోని ఆఖరి బిళ్ల తీసినవారికి ఇక తెలియనిదేమీ ఉండదు. 24లో తన దగ్గర లేనివన్నీ ఎదుటివారివే. వాటిని వరసలో పేర్చుకుంటే చాలు, ప్రతి బిళ్ల నంబరూ వచ్చేస్తుంది. ఒకే వంతులో అన్నీ బయటపెట్టించి గెలిచేయొచ్చు.

గుట్టలో 16 బిళ్లలు, వంతుకొకటి. కాబట్టి ఆఖరిది ఎప్పుడూ రెండోగా మొదలుపెట్టినవారికే వస్తుంది. ఆట అంతదాకా సాగడం అరుదే. అయినా మొదట మొదలుపెట్టినవారు గుట్ట తరుగుతున్నకొద్దీ తెగింపు పెంచాలి. గుట్టలో నాలుగైదు బిళ్లలే ఉన్నప్పుడు ‘ఆగుదాంలే’ అనుకుంటే గెలుపును ఎదుటివారి చేతిలో పెట్టినట్టే. రెండోవారు దీనికి తలకిందులుగా, తమ బిళ్లలు కాపాడుకుంటూ ఓపిగ్గా ఉండాలి. పిల్లలతో ఇద్దరే ఆడేటప్పుడు పెద్దవాళ్లు మొదట మొదలుపెట్టడం అందుకే న్యాయం.

ముగ్గురు, నలుగురు ఆడేటప్పుడు

ఎవరిని ఎంచుకోవాలనేది ఇక్కడ కొత్త ప్రశ్న. బాగా బయటపడిపోయినవారి మీదకే అందరూ వెళ్తారు, సందులు అక్కడే బిగుతుగా ఉంటాయి కాబట్టి. అది తప్పేమీ కాదు. కానీ మీ తర్వాతి వంతు ఎవరిదో, వాళ్లకు మీ వరస గురించి ఎంత తెలుసో చూసుకోండి. మీ నంబరు దాదాపు పట్టేసినవారు పక్కనే ఉంటే, వాళ్లను వదిలి మూలనున్న సులువైన బిళ్ల వెంట పడటం మంచిది కాదు.

ఒకరి బిళ్లలన్నీ బయటపడ్డాక వాళ్లు ఆటలో లేనట్టే. పిల్లలు ఇలా ముందే బయటకొచ్చి ముఖం చిన్నబుచ్చుకుంటే, బయటపడ్డ బిళ్లలను కాగితం మీద కొట్టేసే పని వాళ్లకు అప్పజెప్పండి. అందరి వరసలూ చూస్తూ ఎవరు ఎక్కడ ఆగారో గమనించే అవకాశం ఆటలో ఉన్నవాళ్లకు కూడా దొరకదు.

చిన్నపిల్లలకు నేర్పే క్రమం

ఒక్క రంగుతో మొదలుపెట్టండి. నల్ల 12 మాత్రమే, తలా మూడు. సమాన నంబర్ల గొడవ ఉండదు, చిన్న–పెద్ద వరస ఒక్కటే చూడాలి. అది అలవాటయ్యాక రెండు రంగుల్లోనూ 0 నుంచి 5 దాకా పెట్టి ఆడండి. ఆ తర్వాత 24 బిళ్లలు.

పెద్దవాళ్లు కావాలని ఓడిపోవద్దు. పిల్లలు దాన్ని కనిపెడతారు, కనిపెట్టాక గెలుపు వాళ్లకు చేదవుతుంది. దాని బదులు తేడాను ముందే బాహాటంగా చెప్పండి. పెద్దవాళ్లకు నోటు కాగితం ఉండదు, వంతుకు ఒక్క ప్రశ్నే. పిల్లలకు ఆటలో మొదటి తప్పు మాఫీ, తీసిన బిళ్లను దాచే పెట్టుకోవచ్చు. పిల్లలు సరిగ్గా చెప్పినప్పుడు ‘ఎలా తెలిసింది?’ అని అడగండి. ‘ఊరికే చెప్పాను’ అన్నా ఏమీ అనకండి. రెండు మూడు ఆటల తర్వాత కారణం చెప్పడం మొదలవుతుంది.

గీత బిళ్లలు

మామూలు ఆట చేతికి వచ్చాక నల్లది ఒకటి, తెల్లది ఒకటి అదనంగా చేసి వాటి మీద నంబరు బదులు అడ్డగీత గీయండి. మొత్తం 26 అవుతాయి. గీత బిళ్లను సొంతదారు తన వరసలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఒకసారి పెట్టాక కదపకూడదు. పట్టుకోవాలంటే దాన్ని చూపించి ‘గీత’ అనాలి. గీతను తీసి ప్రశ్న తప్పితే, దాన్ని వెల్లకిలా మీకు నచ్చిన చోట పెట్టాలి.

దాన్ని ఎక్కడ దాచాలి? దగ్గర దగ్గర నంబర్ల మధ్య ఇరికిస్తే త్వరగా దొరికిపోతుంది. నల్ల 5, తెల్ల 5 రెండూ బయటపడి, వాటి మధ్య ఒక బిళ్ల దాగి ఉందంటే అక్కడ ఏ నంబరుకూ చోటు లేదు, అది గీతే. ఎడమ అంచునో కుడి అంచునో పెడితే అంచు నుంచి మొదలుపెట్టేవాళ్లు అక్కడే రెండు మూడు వంతులు పోగొట్టుకుంటారు. ఎప్పుడూ అంచునే పెడితే ఇంట్లోవాళ్లకు అదీ తెలిసిపోతుంది కాబట్టి, ఎడం ఎక్కువున్న రెండు నంబర్ల మధ్య కూడా అప్పుడప్పుడు పెడుతుండండి.

గీతలు ఆటలో ఉన్నప్పుడు సందు లెక్కలో ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆ రంగు గీత ఇంకా బయటపడకపోతే ‘ఇది తప్పకుండా 4’ అనకండి, ‘4, లేదంటే గీత’ అనుకోండి. మీ చేతిలోనే ఆ రంగు గీత ఉంటే ఆ అనుమానం మీకు అక్కర్లేదు. ఎదుటివాళ్లు వెనకాడే చోట మీరు నిశ్చింతగా అడగొచ్చు.